పన్నెండు మందికి పన్నెండు మందీ: చిన్న ట్రయల్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

2022 జూన్‌లో ఒక వార్త మన ఫోన్లన్నీ చుట్టేసింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాన్సర్‌కి మందు దొరికింది, పన్నెండు మందికి ఇస్తే పన్నెండు మందికీ గడ్డ మాయమైపోయింది అని. మా చుట్టాల గ్రూపులో పొద్దున్నే ఒకరు పెట్టారు, గంటలో ఇంకో నలుగురు పెట్టారు, మధ్యాహ్నానికి మా పిన్ని ఫోన్ చేసి "మీ బాబాయికి కడుపులో కాన్సరే కదరా, ఆ మందు ఇక్కడ దొరుకుతుందా, అవసరమైతే పొలం అమ్మైనా తెప్పిస్తాం" అంది. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. దొరకదు అంటే ఆశ చంపేసినట్టు, దొరుకుతుంది అంటే పొలం అమ్మించినట్టు.

ఆ తర్వాత ఆ ట్రయల్ గురించీ, అరుదైన జీర్ణకోశ కాన్సర్ల మీద జరిగే పరిశోధన గురించీ దొరికిందల్లా చదివాను. చదివేకొద్దీ అర్థమైంది ఏంటంటే, అరుదైన జబ్బులో మందు పనిచేస్తుందని తేల్చే పద్ధతే వేరు, బీపీ మందుకీ షుగర్ మందుకీ వేలమంది మీద చేసే ట్రయల్స్‌తో దాన్ని పోల్చి చూస్తే మనకి లెక్క తప్పుతుంది. అందుకని మొదట్నుంచి మొదలుపెడతాను.

## ఆ పన్నెండు మంది ఎవరు?

ట్రయల్ జరిగింది న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కాన్సర్ సెంటర్‌లో. నడిపింది డాక్టర్ ఆండ్రియా సెర్సెక్, డాక్టర్ లూయిస్ డియాజ్ వాళ్ల బృందం. మందు పేరు డోస్టార్లిమాబ్, మూడు వారాలకోసారి చొప్పున ఆరు నెలలు సెలైన్‌లో ఎక్కిస్తారు. రోగులందరిదీ రెక్టల్ కాన్సర్, అంటే పెద్దపేగు చివర, మలద్వారానికి కొంచెం పైన ఉండే భాగంలో వచ్చే కాన్సర్. అందరిదీ రెండో స్టేజీ లేదా మూడో స్టేజీ, లివర్‌కో ఊపిరితిత్తులకో పాకలేదు.

ఇక్కడిదాకా కొన్ని పేపర్లు రాశాయి. చాలా వార్తల్లో కనిపించనిది ఇంకొకటుంది, వాళ్లందరి గడ్డల్లోనూ మిస్‌మ్యాచ్ రిపేర్ అనే వ్యవస్థ పాడైపోయింది. దీన్ని కొంచెం విప్పి చెప్పాలి. మన కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ మొత్తాన్ని కాపీ చేసుకుంటుంది, అంత పెద్ద పుస్తకం ఎత్తి రాస్తుంటే అక్షరదోషాలు పడతాయి కదా, వాటిని పట్టుకుని దిద్దే ప్రూఫ్‌రీడర్ లాంటి ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. ఆ ప్రూఫ్‌రీడర్ లేకపోతే తప్పులు వందలు వేలుగా పేరుకుపోతాయి. తప్పులు అన్ని ఉన్న కణం మన రోగనిరోధక వ్యవస్థకి పరాయి కణంలా కనిపిస్తుంది, అయినా దాన్ని చంపలేకపోతుంది, ఎందుకంటే మన తెల్లకణాల మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది, కాన్సర్ కణం ఆ బ్రేకు తొక్కి పట్టుకుని కూర్చుంటుంది. డోస్టార్లిమాబ్ చేసే పని ఆ బ్రేకు వదిలించడం, అంతే. కాబట్టి పరాయివాడిలా కనిపించే గడ్డ మీద మందు బాగా పనిచేస్తుంది, ప్రూఫ్‌రీడర్ బాగానే ఉన్న గడ్డ మీద పెద్దగా పనిచేయదు.

రెక్టల్ కాన్సర్ వచ్చిన వాళ్లలో ఇలా రిపేర్ వ్యవస్థ పాడైన వాళ్లు 5 నుంచి 10 శాతం మాత్రమే. అంటే వందమందిలో తొంభైమందికి పైగా ఈ వార్తతో సంబంధం లేదు. కొందరిలో ఈ లోపం పుట్టుకతోనే, వంశంలోనే వస్తుంది, దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు.

ఆ ఐదు పది మందికి మాత్రం ఇది నిజంగా చాలా పెద్ద విషయం. ఎందుకంటే ఈ కాన్సర్‌కి మామూలు వైద్యం కీమో, రేడియేషన్ (మన ఊళ్లలో కరెంటు పెట్టించడం అంటారే, అది), ఆ పైన ఆపరేషన్. దాంతో జబ్బు తగ్గినా కొందరికి జీవితాంతం పొట్ట మీద సంచి కట్టుకుని బతకాల్సి వస్తుంది, పిల్లలు పుట్టే అవకాశం పోతుంది, దాంపత్యం దెబ్బతింటుంది. ఇవేవీ లేకుండా ఒక్క సెలైన్ మందుతో గడ్డ కనిపించకుండా పోయిందంటే ఆ పన్నెండు ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

## పన్నెండుకి పన్నెండు అంటే నూటికి నూరేనా?

కాదు. చిన్న లెక్క చేద్దాం, పెన్నూ పేపరూ కూడా అక్కర్లేదు, ఫోన్లో కాలిక్యులేటర్ చాలు.

అనుకుందాం, ఈ మందు నిజానికి వందలో 90 మందికే పనిచేస్తుంది, పది మందికి ఫెయిల్ అవుతుంది. అలాంటి మందుని పన్నెండు మందికి ఇస్తే అదృష్టం కొద్దీ పన్నెండు మందికీ పనిచేసే అవకాశం ఎంత? 0.9ని పన్నెండుసార్లు గుణిస్తే 0.28. అంటే నూటికి 28 సార్లు అలా జరగొచ్చు, అదేం వింత కాదు. నిజంగా పనిచేసేది 80 మందికే అయితే? 0.8ని పన్నెండుసార్లు గుణిస్తే దాదాపు 0.07. తక్కువే, కానీ జరగదని కొట్టిపారేయలేం. అందుకే ఆ పరిశోధనా పత్రంలోనే నూరు శాతం పక్కన 74 నుంచి 100 అని రేంజ్ ఇచ్చారు. చాలా వార్తల్లో అది కనిపించలేదు.

ఇప్పుడు ఇదే లెక్క 49 మందికి చేయండి. ఎందుకు 49 అంటే, 2025 ఏప్రిల్‌లో ఇదే బృందం మళ్లీ ఫలితాలు వేసింది, అప్పటికి వైద్యం పూర్తి చేసిన రెక్టల్ రోగులు 49 మంది, 49 మందికీ గడ్డ కనిపించకుండా పోయింది, అందరూ ఆపరేషన్ లేకుండానే ఉన్నారు. వందలో 90 మందికే పనిచేసే మందు అయితే 49కి 49 రావడానికి అవకాశం నూటికి ఒక్కటి కూడా లేదు. అంటే ఇప్పుడు మనం ధైర్యంగా చెప్పగలిగేది 2022లో చెప్పగలిగిన దానికంటే చాలా ఎక్కువ. మందు అదే, నమ్మకం పెరిగింది.

ఇంకో మెలిక, గడ్డ కనిపించకుండా పోవడం వేరు, జబ్బు నయమైపోవడం వేరు. ఎండోస్కోపీలో లేదు, స్కాన్‌లో లేదు, ముక్క తీసి చూస్తే లేదు అంటే దాన్ని క్లినికల్ కంప్లీట్ రెస్పాన్స్ అంటారు. మళ్లీ వస్తుందా రాదా అన్నది ఏళ్ల తరబడి చూస్తేనే తెలిసేది. 2022 నాటికి ఆ పన్నెండు మందిలో కొందరిని చూసింది ఆరు నెలలే.

## పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే ఎలా?

మామూలుగా ట్రయల్ అంటే రోగుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేస్తారు, ఒకళ్లకి కొత్త మందు, ఇంకొకళ్లకి పాత మందో ఉత్త మాత్రో. ఆ ఉత్త మాత్రనే ప్లసీబో అంటారు. డోస్టార్లిమాబ్ ట్రయల్‌లో రెండో గుంపే లేదు. చాలామంది డాక్టర్లకి కూడా ఇది ఇబ్బందిగానే ఉంటుంది, వాళ్ల ఇబ్బందిలో న్యాయముంది. జలుబుకి ఏ మందు ఇచ్చినా వారంలో తగ్గుతుంది, రెండో గుంపు లేకపోతే మందు వల్ల తగ్గిందో దానంతటదే తగ్గిందో ఎవరికి తెలుసు?

కానీ కాన్సర్ గడ్డ జలుబు లాంటిది కాదు, దానంతటది కరిగిపోవడం అనేది దాదాపు ఉండదు. కాబట్టి గడ్డ కరిగింది అంటే ఆ పని మందుదే అని గట్టిగా అనుకోవచ్చు. ఈ ఒక్క తర్కం మీదే అరుదైన కాన్సర్ల పరిశోధన సగం నిలబడి ఉంది, దానికి అన్నిటికంటే మంచి ఉదాహరణ జిస్ట్.

## జిస్ట్ కథ: ఒక్క రోగితో మొదలైంది

జిస్ట్ అంటే గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్. మామూలు కడుపు కాన్సర్ లోపలి పొరలో పుడుతుంది, ఇది గోడలో, పేగుల కదలికకి లయ ఇచ్చే కజాల్ కణాల జాతిలో పుడుతుంది. ఏడాదికి పది లక్షల మందిలో 10 నుంచి 15 మందికి వస్తుంది. 2000 సంవత్సరం ముందు పాకిన జిస్ట్‌కి చెప్పుకోదగ్గ మందే లేదు, కీమోకి అసలు లొంగేది కాదు, ఆపరేషన్ కుదరకపోతే డాక్టర్ దగ్గర చెప్పడానికి మాట ఉండేది కాదు.

1998లో జపాన్‌లో హిరోతా బృందం ఈ గడ్డల్లో కిట్ అనే జన్యువు చెడిపోయి ఉంటుందని కనిపెట్టింది. స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోయినట్టు, కణం పెరుగు పెరుగు అని అరుస్తూనే ఉంటుంది. అదే సమయంలో ఒక రకం బ్లడ్ కాన్సర్ కోసం తయారవుతున్న ఇమాటినిబ్ అనే మాత్ర ఈ కిట్ స్విచ్‌ని కూడా ఆపుతుందని ల్యాబ్‌లో తేలింది. 2000 మార్చిలో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో, లివర్ నిండా జిస్ట్ పాకేసి ఏ వైద్యానికీ లొంగని ఒక మహిళకి డాక్టర్ హైకీ యోయెన్సూ ఈ మాత్ర మొదలుపెట్టారు. కొన్ని వారాల్లోనే స్కాన్‌లో గడ్డల చురుకు తగ్గిపోయింది, తర్వాత కుంచించుకుపోయాయి.

ఒక్క మనిషి. గణాంకాల లెక్కలో ఒక్క మనిషి అంటే సున్నాతో సమానం. కానీ ఇక్కడ కారణం ముందే తెలుసు (కిట్), మందు సరిగ్గా ఆ కారణం మీదే పనిచేస్తుందని తెలుసు, వేరే దారి లేదని తెలుసు, ఫలితం కళ్లకి కనిపించేంత పెద్దది. అందుకే వెంటనే 147 మందితో ట్రయల్ జరిగింది, అందులోనూ ప్లసీబో గుంపు లేదు, సగానికి పైగా రోగుల్లో గడ్డలు బాగా చిన్నవయ్యాయి, 2002 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ జిస్ట్‌కి ఇమాటినిబ్‌ని ఆమోదించింది. తర్వాత ఆ రోగుల్ని ఏళ్ల తరబడి చూస్తే సగం మంది 57 నెలలకి పైగా బతికారు.

## అరుదైన దాంట్లో ఇంకా అరుదైనది

జిస్ట్ అంతా ఒకటే అయితే కథ ఇక్కడితో అయిపోయేది. కొందరిలో చెడేది కిట్ కాదు, పీడీజీఎఫ్ఆర్ఏ అనే పక్క జన్యువు, అందులోనూ డీ842వీ అనే ఒక ప్రత్యేకమైన మార్పు ఉంటే ఇమాటినిబ్ దాదాపు పనిచేయదు.

వీళ్లెంతమంది ఉంటారో మన లెక్కలో చూద్దాం. ఆంధ్రా తెలంగాణ కలిపి 2011 జనాభా లెక్కల ప్రకారమే దాదాపు ఎనిమిదిన్నర కోట్లు. పది లక్షలకి 10 నుంచి 15 అనే లెక్క మనకీ వర్తిస్తుందనుకుంటే ఏడాదికి 850 నుంచి 1,275 కొత్త జిస్ట్ కేసులు. అందులో డీ842వీ ఉన్నవాళ్లు ఇరవైలో ఒకళ్లు అనుకుంటే 40 నుంచి 65 మంది. వాళ్లలో చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది, మందు కావాల్సింది మిగిలిన కొద్దిమందికి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఒక బస్సు కూడా నిండదు. వాళ్లని రెండు గుంపులు చేసి ట్రయల్ నడపాలంటే ఎన్నేళ్లు పడుతుంది?

అందుకే అవాప్రిటినిబ్ అనే మందుని వీళ్లలో పరీక్షించినప్పుడు కొన్ని దేశాల్లో వెతికి వెతికి 56 మందిని చేర్చారు, పోలిక గుంపు లేదు, 49 మందిలో గడ్డలు తగ్గాయి. 2020 జనవరిలో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అదే మందుని మామూలు జిస్ట్ రోగుల్లో ఇంకో మందుతో పోల్చి పెద్ద ట్రయల్ చేస్తే మాత్రం మెరుగని తేలలేదు.

## ప్లసీబో ఇవ్వడం తప్పా?

ఇక్కడ డాక్టర్ల మధ్యే గట్టి వాదన ఉంది. రెండు వైపులా వినదగ్గ మాటలే.

ఒక వర్గం అంటుంది, అరుదైన జబ్బు అనేది సాకు కాకూడదు, కష్టపడితే రెండు గుంపుల ట్రయల్ చేయొచ్చు అని. వాళ్ల చేతిలో మంచి ఉదాహరణ ఉంది. జిస్ట్ ఆపరేషన్ అయ్యాక ఇమాటినిబ్ ఒక ఏడాది వాడాలా మూడేళ్లు వాడాలా అని ఫిన్లాండ్, నార్వే, స్వీడన్, జర్మనీ కలిసి 400 మందితో ట్రయల్ చేశాయి. ఐదేళ్లకి బతికున్నవాళ్లు మూడేళ్ల గుంపులో 92 శాతం, ఏడాది గుంపులో 81.7 శాతం. రెండు గుంపులు లేకపోతే ఈ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు, ఏడాది చాలు అనుకుని ఆపేసేవాళ్లు.

రెండో వర్గం అంటుంది, అన్ని మందులూ అయిపోయి చివరి అంచున ఉన్న మనిషికి ఉత్త మాత్ర ఇవ్వడానికి మనసెలా ఒప్పుతుంది అని. దీనికి మధ్యేమార్గంగా వచ్చిందే క్రాసోవర్, ప్లసీబో గుంపులో ఉన్న మనిషికి జబ్బు పెరిగిందని స్కాన్‌లో కనిపించగానే అసలు మందులోకి మార్చేస్తారు. రెగోరాఫెనిబ్ అనే మందు ట్రయల్‌లో 199 మంది చేరారు, జబ్బు పెరగకుండా ఆగిన కాలం మందు గుంపులో 4.8 నెలలు, ప్లసీబో గుంపులో 0.9 నెల. ఐదు రెట్లు తేడా. కానీ మొత్తం మీద ఎవరు ఎక్కువకాలం బతికారు అని చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంటే మందు దండగా? కంగారు పడకండి. ప్లసీబో గుంపులో 66 మంది ఉంటే 56 మంది తర్వాత అసలు మందులోకే మారారు. ఒక క్లాసులో సగం మంది పిల్లలకి జూన్‌లో ట్యూషన్ పెట్టించి, మిగతా సగానికి యూనిట్ టెస్టులో మార్కులు తగ్గగానే ఆగస్టులో పెట్టిస్తే, మార్చిలో పబ్లిక్ పరీక్షల్లో రెండు సగాలకీ దగ్గర దగ్గర మార్కులు వస్తాయి. దాన్ని చూసి ట్యూషన్ వల్ల లాభం లేదు అనలేం కదా. రోగికి న్యాయం చేసిన పద్ధతే లెక్కని మసకబార్చింది. అలాగని మందు వల్ల జీవితకాలం కచ్చితంగా పెరిగిందని కూడా ఈ ట్రయల్ చూపించలేదు, ఆ మాటా ఒప్పుకోవాలి. నాకైతే క్రాసోవర్ ఉండటమే న్యాయం అనిపిస్తుంది, కానీ దాని మూల్యం ఇది.

## చిన్న ట్రయల్ మోసం చేసినప్పుడు

ఇప్పటిదాకా గెలిచిన మందుల గురించే చెప్పాను, అక్కడితో ఆపితే తప్పు చేసినవాణ్ణవుతాను.

జిస్ట్‌కి చుట్టం లాంటి సాఫ్ట్ టిష్యూ సార్కోమా అనే అరుదైన కాన్సర్ ఉంది. దానికి ఒలారటుమాబ్ అనే మందుని పాత కీమోతో కలిపి 133 మందిలో చూశారు, రెండు గుంపులు కూడా పెట్టారు. రోగులు బతికిన కాలం కీమో మాత్రమే అయితే 14.7 నెలలు, ఈ మందు కలిస్తే 26.5 నెలలు. దాదాపు ఏడాది ఎక్కువ! 2016 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ తొందరగా ఆమోదం ఇచ్చింది, కానీ పెద్ద ట్రయల్ చేసి రుజువు చేయాలని షరతు పెట్టింది. 2019లో 509 మందితో ఆ ఫలితం వచ్చింది, మందు కలిస్తే 20.4 నెలలు, కీమో మాత్రమే అయితే 19.7 నెలలు. తేడా లేనట్టే. మందుని మార్కెట్ నుంచి తీసేశారు. మధ్యలో ఆ రెండు మూడేళ్లు దాన్ని వాడిన వాళ్ల డబ్బూ ఆశా ఏమయ్యాయి అన్నది ఆలోచిస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఇది ఇమాటినిబ్‌కి ఎందుకు జరగలేదు, దీనికి ఎందుకు జరిగింది? ఒక తేడా నాకు ముఖ్యం అనిపిస్తుంది. ఇమాటినిబ్ గడ్డల్ని కళ్లముందే కరిగించింది. ఒలారటుమాబ్ ట్రయల్‌లో గడ్డలు కరగడంలో పెద్ద తేడా లేదు, బతికిన నెలల్లోనే ఉంది, అలాంటి తేడా చిన్న గుంపుల్లో కాకతాళీయంగా కూడా రావొచ్చు.

జన్యువు తెలిసింది కదా అని గుడ్డిగా వెళ్లినా దెబ్బతింటాం. బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో మార్పు ఉన్న మెలనోమా అనే చర్మ కాన్సర్‌లో వెమురాఫెనిబ్ అద్భుతంగా పనిచేసింది. అదే మార్పు పెద్దపేగు కాన్సర్‌లోనూ ఉంటుంది, అదే మందు ఇచ్చారు, దాదాపు పనిచేయలేదు. ఒక దారి మూస్తే పేగు కణం ఈజీఎఫ్ఆర్ అనే ఇంకో దారి తెరుచుకుంటోందని తర్వాత తెలిసింది, రెండు దారులూ ఒకేసారి మూసే మందుల జత పెట్టాకే 2019లో మంచి ఫలితం వచ్చింది.

## మందు ఉన్నా అందుతుందా?

2022లో డోస్టార్లిమాబ్ అమెరికాలో ఒక్కో డోసు దాదాపు 11,000 డాలర్లు. తొమ్మిది డోసులు అంటే అప్పటి రేటులో మన డబ్బుల్లో 75 లక్షలు దాటుతుంది. మా పిన్ని పొలం మొత్తం అమ్మినా రాదు.

ఈ విషయంలో ఇమాటినిబ్ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మిన ఈ మందు నెలకి లక్షా ఇరవై వేల దాకా ఉండేది. హైదరాబాద్ కంపెనీ నాట్కో వీనాట్ పేరుతో జనరిక్ తెచ్చింది, జనరిక్‌లు నెలకి ఎనిమిది పది వేలలో దొరికేవి. పేటెంట్ కోసం నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2013 ఏప్రిల్ 1న కోర్టు పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డీ) ప్రకారం పాత మందు రూపం మార్చినంత మాత్రాన కొత్త పేటెంట్ రాదని తీర్పు ఇచ్చింది. చాలామంది రోగులకి తాము ఉచితంగానే ఇస్తున్నామని, పేటెంట్ లేకపోతే కొత్త పరిశోధనకి ఎవరు డబ్బు పెడతారని నోవార్టిస్ వాదన. ఆ ప్రశ్న అరుదైన జబ్బుల్లో మరీ నిజం, కొనేవాళ్లే కొద్దిమంది. అందుకే చాలా దేశాలు ఆర్ఫన్ డ్రగ్ అని ప్రత్యేక హోదా పెట్టి రాయితీలు ఇస్తాయి, మన 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్‌లో కూడా దేశంలో ఐదు లక్షల మందికి మించని జబ్బుకి వాడే మందుని ఆర్ఫన్ డ్రగ్ అన్నారు.

## పిన్నికి ఇప్పుడు ఏం చెప్తాను

2025 ఫలితాల్లో రెక్టల్ కాన్సర్ ఒక్కటే లేదు. రిపేర్ వ్యవస్థ పాడైన వేరే గడ్డలు కూడా ఉన్నాయి, పెద్దపేగువి, కడుపువి, లివర్ పిత్తనాళాలవి, ఇంకా కొన్ని. వాళ్లలో వైద్యం పూర్తి చేసినవాళ్లు 54 మంది, గడ్డ పూర్తిగా కనిపించకుండా పోయింది 35 మందికి. 49కి 49 కాదు, 54కి 35. అయినా ఆపరేషన్‌తో కడుపులో సగమో మొత్తమో తీసేయాల్సిన మనిషికి ఆ 35 చిన్న సంఖ్య కాదు.

అప్పుడు పిన్ని అడిగింది మందు దొరుకుతుందా అని. దానికంటే ముందు అడగాల్సింది బాబాయి గడ్డలో ఆ ప్రూఫ్‌రీడర్ ఉందా లేదా అని. అది తేల్చడానికి కొత్తగా కోత కూడా అక్కర్లేదు, మొదటిసారి ఎండోస్కోపీలో తీసిన ముక్కకే రంగు పరీక్ష చేసి ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రోటీన్లు ఉన్నాయో లేవో చూస్తారు. ఆ నాలుగు పేర్లు బాబాయి రిపోర్టులో ఎక్కడైనా ఉన్నాయేమో అని ఆ రోజు నేను ఫైల్ తెప్పించుకుని చూసి ఉండాల్సింది.